సున్నం చుక్కలు

నిజామాబాద్‌లో నేను రొమ్ము ఎక్స్‌రే మిషను పెట్టిన కొత్తలో దాన్ని ఊరికే చూసిపోదామని కూడా కొందరు వచ్చేవారు. చూసి "గింతేనా" అనేవారు. నిజానికి అది అంతే. ఒక ఇనుప స్తంభం, దానికి అడ్డంగా ఒక పలక, పైనుంచి దిగి నొక్కే ఇంకో ప్లాస్టిక్ పలక. తొంభైల చివరి మాట ఇది. బస్టాండుకు కాస్త దూరంలో ఒక మేడ కింద గదులు అద్దెకు తీసుకున్నాను. రేడియాలజిస్టునని చెబితే మా చుట్టాల్లో సగం మందికి అర్థమయ్యేది కాదు. "మా కోడలు ఫోటోలు దీస్తది" అని మా మేనత్త అందరికీ చెప్పుకునేది. పెళ్లిళ్లకు కూడా తీస్తుందా అని ఒకావిడ నిజంగానే అడిగిందట.

నేను బోధన్ పిల్లను. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. చెరుకు గానుగ మొదలైందంటే క్వార్టర్లలో ఆరేసిన బట్టల మీద మసి పడేది, మడ్డి వాసన తినే అన్నంలోకి కూడా వచ్చేది. అంత తీపి మధ్య పెరిగినా నా నోరు మాత్రం తీపి కాలేదు. "చెరుకురసం తాగిపిచ్చి పెంచిన, నోట్లెకెల్లి మిరపకాయలొస్తున్నయ్" అనేది మా అమ్మ. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నాకు ఆ సామెత చాలా ఆలస్యంగా, ఇంకొకరి ఒంటి మీద అర్థమైంది.

ఏ కాలంలో ఎవరు వస్తారో ఆ ఊళ్లో చెప్పకుండానే తెలిసేది. చెరుకు కోతలప్పుడు బోధన్ వైపు ఆడవాళ్లు వచ్చేవారు, ముంజేతుల నిండా చెరుకాకు గీరిన గీతలతో. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆర్మూర్, కమ్మర్‌పల్లి వైపు వాళ్లు మోచేతుల దాకా పచ్చగా వచ్చేవారు. వాళ్లు పట్టుకున్న ఫిల్ము కవర్ల మీద పచ్చటి వేలిముద్రలు ఉండేవి. ఊళ్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు కాలంతో పనిలేదు, ఏడాదంతా వచ్చేవారు. కూర్చున్న దగ్గరనుంచి తొందరే. "జల్ది కానియ్యుండ్రి మేడం, ఆకు తడిపి వెట్టి వచ్చిన" అనేవారు. ఆ పలక మధ్య రొమ్ము పెట్టి నొక్కితే నొప్పి ఉంటుంది. ఒకామె నొప్పిలో కూడా నవ్వి, "జొన్నరొట్టె జేస్తున్నవా మేడం" అంది.

నా పని ఏమిటో కాస్త చెప్పాలి. చేతికి గడ్డ తగిలేనాటికి ఆ జబ్బు చాలాకాలం నుంచి లోపల కాపురం చేస్తూ ఉంటుంది. అంతకన్నా ముందే కొందరి ఫిల్ముల్లో ఉప్పుకన్నా సన్నటి తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. లోపల చేరిన క్యాల్షియం అది. అన్నీ చెడ్డవి కావు. ఒకేచోట గుంపుగా, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నవాటినే అనుమానించాలి. వెనక దీపం వెలిగే పెట్టె మీద ఫిల్ము పెట్టి, భూతద్దం పట్టుకుని, ఆ చుక్కల కోసం వెతకడమే నా కొలువు. దొరికితే ఆ మనిషి బతుకుతుంది. అందుకే వెతికే మనిషికి అవి దొరకాలన్న ఆశ కూడా ఉంటుంది. ఈ మాట ఎవరూ పైకి చెప్పరు.

ఇక నా నోటి సంగతి. మా దగ్గర ఎక్కడ వాచినా, బెణికినా పసుపూ సున్నమూ కలిపి పట్టు వేస్తారు. రెండూ కలిస్తే ఎర్రబడుతుంది, ఆరితే పెంకు కడుతుంది. ఆకుపసర్లు కూడా పూస్తారు. వాటితో వారాలు గడిపి, గడ్డ ముదిరాక వచ్చేవాళ్లను చూస్తే నాకు మండిపోయేది. "చదువు లేకపోతే బుద్ధి కూడా ఉండదా" అని వాళ్ల అత్తల ముందే తిట్టేదాన్ని. వాళ్ల మేలుకే తిడుతున్నాననుకునేదాన్ని. నా తిట్లు నాకన్నా ముందు ఊళ్లకు చేరేవి. తిట్లు విన్నవాళ్లు పట్లు వేయడం మానలేదు. నా దగ్గరికి వచ్చే ముందు కడుక్కుని రావడం, అడిగితే లేదనడం నేర్చుకున్నారు.

అలాంటి రోజుల్లో కమ్మర్‌పల్లి నుంచి ఒకామె వచ్చింది. ముప్పై దాటిన మనిషి. భర్త మస్కట్‌లో ఉన్నాడు. వెంట అత్త, యారాలు వచ్చారు. యారాలంటే ఆమె మరిది భార్య, తోడికోడలు. పసుపు పని జోరుగా ఉన్న సమయం, ముగ్గురూ పచ్చగా ఉన్నారు. పెద్దకోడలికి ఎడమ రొమ్ములో వాపు, నొప్పి. పలక నొక్కితే కళ్లలో నీళ్లు తిరిగాయిగానీ నోరు మెదపలేదు. హైదరాబాద్‌లో చదివేటప్పుడు మాకు నేర్పిన ప్రశ్న ఒకటుంది, పౌడరు రాసుకుంటే అది కూడా ఫిల్ము మీద చుక్కల్లా పడుతుంది కాబట్టి. అది అడిగాను.

"పౌడర్ గిట్ల ఏమన్న రాసుకున్నవా అక్కా?"

"పౌడర్ యాడిది మేడం, పసుపు ఉడకవెట్టెటోళ్లకు" అంది. యారాలు నవ్వింది. నేనూ నవ్వాను.

చర్మం పచ్చగానే ఉంది. ఆ కాలంలో ఎవరి చర్మం పచ్చగా లేదు కనుక! ఫిల్ము కడిగి దీపం ముందు పెడితే వాపు ఉన్నచోటే గుంపుగా తెల్లటి చుక్కలు కనిపించాయి. సన్నగా, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నాయి. పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. నాకు చేతులు చల్లబడ్డాయి. భయంతో అనుకుంటే పొరపాటు. మిషను పెట్టాక నాకు దొరికిన మొదటి చుక్కలవి. సిగ్గు విడిచి చెప్పాలంటే సంతోషించాను.

ఆమెను బయట కూర్చోబెట్టి అత్తనూ యారాలినీ లోపలికి పిలిచాను. అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్లం, రోగికి తప్ప ఇంటిల్లిపాదికీ చెప్పేవాళ్లం. "క్యాన్సరే అనిపిస్తుంది. ఒక్కరోజు కూడా ఆగొద్దు" అని, హైదరాబాద్‌లో ఆపరేషను చేసే డాక్టరుకు చీటీ రాసిచ్చాను. నా గొంతులో అనుమానం లేదు. అత్త అక్కడే నేల మీద కూలబడింది. ఆ ఏడుపు విని, బయట బెంచీ మీద ఉన్నామెకు తన సంగతి తెలిసింది.

రెండు నెలల తర్వాత ఆ డాక్టరు ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు. నా ఫిల్మును నమ్మి, రొమ్ములో వాపున్న భాగమంతా తీసేశాడు. తీసిన ముక్కలో క్యాన్సరు లేదు, చీము పట్టిన మామూలు వాపే. "ఆ చుక్కలు కూడా ముక్కలో లేవండీ. మిగిలిన దాంట్లో ఉండిపోయాయేమోనని మళ్లీ ఫిల్ము తీయించాం, అందులోనూ లేవు. అవి ఎక్కడికి పోయినట్టు?" అని అడిగాడు.

జవాబు ఆ తర్వాత ఒక బీడీ కార్మికురాలి మణికట్టులో దొరికింది. మెట్ల మీద పడి, చెయ్యి వాచి వచ్చింది. ఎముక విరిగిందేమోనని ఎక్స్‌రే తీశాను. ఎముక బాగానే ఉంది. దాని చుట్టూ, చర్మం ముడతల వెంట, తెల్లటి చుక్కలు. "సున్నం వెట్టిన, నిన్ననే కడిగిన మేడం, తిట్టకుండ్రి" అంది ముందుగానే. తిట్టలేదు. లేచి లోపలికి వెళ్లి కమ్మర్‌పల్లి ఆమె పాత ఫిల్ము తీసి భూతద్దంతో చూశాను. అంతా చర్మం మీదే ఉంది. రంధ్రాల్లో, ముడతల్లో ఇరుక్కున్న సున్నం. ఇంకో కోణంలో ఒక్క ఫిల్ము తీసి ఉంటే తెలిసేది. ఒక తడిగుడ్డతో తుడిచి ఉంటే తెలిసేది.

కబురు పంపితే ఆమె భర్తతో వచ్చింది. భార్య చనిపోతుందని కబురందితే అతను మస్కట్‌లో పని వదులుకుని వచ్చేశాడు. నా మీద అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"లేదన్నందుకు సంబురపడాల్నా, లేనిదానికి కోసినందుకు కొట్లాడాల్నా, గది జెప్పుండ్రి మేడం. నాకు సమజైతలేదు" అన్నాడు.

ఆమె నేల చూస్తూ కూర్చుంది. అతనే చెప్పాడు, తను వచ్చి హైదరాబాద్ తీసుకుపోయేదాకా ఇంట్లో ఏం జరిగిందో. అంటుకుంటుందన్న భయంతో ఆమె కంచం, చెంబు వేరు పెట్టారు. యారాలే తీసుకెళ్లి పశువుల కొట్టం గోడ మీద పెట్టింది. నాలుగేళ్ల బిడ్డను పక్కలోకి రానివ్వలేదు. పిల్ల తలుపు అవతల ఏడిస్తే, ఇవతల ఈమె ఏడ్చేది.

అప్పుడు నేను క్షమించమని అడగలేదు. ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ తల ఎత్తుకోలేను. ఫిల్ము దీపం ముందు పెట్టి, సున్నం ఎలా కనిపిస్తుందో, క్యాల్షియం ఎలా కనిపిస్తుందో ఆ మొగుడూపెళ్లాలకు పాఠం చెప్పాను. చివర్లో, "పట్టు వేసిన సంగతి నువ్వు ముందే చెప్పి ఉండాల్సింది" అని కూడా అన్నాను.

ఆమె మొదటిసారి తలెత్తి నా మొహం చూసింది. అప్పటిదాకా "మీరు" అని పిలిచిన మనిషి.

"జెప్తే తిడ్తవని జెప్పలే" అంది.

అక్కడితో వాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆ ఫిల్ము దీపం ముందే ఉండిపోయింది. ఆమె అన్నదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చుక్కలు చూడటంలో తప్పు ఎవరికైనా జరుగుతుందని నన్ను నేను ఓదార్చుకోవచ్చు. తిట్లకు భయపడి ఒక మనిషి నోరు మూసుకునేలా చేసింది మాత్రం నేనే, నా మిషను కాదు.

ఆ తర్వాత నాకొక పేరు వచ్చింది. సున్నం డాక్టరమ్మ. ఆర్మూర్ ఆటోల్లో పుట్టి, మా వీధి చివరి ఇస్త్రీ బండి దాకా వచ్చింది. ఆ వైపు నుంచి ఆడవాళ్లు రావడం తగ్గిపోయింది. నేను గది మూలన బకెట్టు నీళ్లు, సబ్బు, కొబ్బరినూనె, దూది పెట్టుకున్నాను. వచ్చిన ప్రతి మనిషికీ ముందు ఒకటే మాట చెప్పేదాన్ని: "ఏం పూసినా చెప్పు అక్కా, తిట్టను. పసుపు పెట్టినా, సున్నం పెట్టినా, పేడ పెట్టినా తిట్టను." తర్వాత నా చేతులతోనే కడిగేదాన్ని. మా నర్సు నవ్వేది, స్నానాల కొట్టు పెట్టామని బోర్డు రాయిద్దాం మేడం అనేది.

రెండు పసుపు పంటలు ఇళ్లకు చేరాక, ఒక మధ్యాహ్నం ఆ యారాలు ఒంటరిగా వచ్చింది. కంచం తీసుకెళ్లి కొట్టం గోడ మీద పెట్టిన మనిషి. చూడగానే గుర్తుపట్టాను.

"ఆర్మూర్ అంగడికని జెప్పి వచ్చిన మేడం. ఇంట్ల తెల్వది" అంది. గడ్డ లేదు, నొప్పి లేదు. జాకెట్టు లోపల రెండుసార్లు చిన్న రక్తపు మరక కనిపించిందట. ముట్టు మరకకు భయపడని ఆడది ఈ మరకకు భయపడి, ఎవరికీ చెప్పకుండా నా దగ్గరికి వచ్చింది. ఊళ్లో నాకున్న పేరు తెలిసి కూడా వచ్చింది.

ఏమీ పూయలేదంది. అయినా కడిగాను. ఫిల్ము తీశాను. చుక్కలున్నాయి. మళ్లీ తీసుకొచ్చి నూనెతో తుడిచి, సబ్బుతో కడిగి, ఆరబెట్టి ఇంకో ఫిల్ము తీశాను. చుక్కలు అక్కడే ఉన్నాయి. పక్కకు తిప్పి ఇంకో కోణంలో తీశాను. చర్మానికి చాలా లోపల, చనుమొన వైపు ఒక గీతలా సాగి ఉన్నాయి. ఈసారి సున్నం కాదు. గడ్డగా మారకముందే, పాలనాళం దాటకముందే దొరికింది. ఇప్పుడు తీసేస్తే పూర్తిగా పోతుంది. ఏ మనిషి కోసమైతే ఈ మిషను పెట్టానో, ఆ మనిషే నా ఎదురుగా కుర్చీలో కొంగు ముడి వేసుకుంటూ విప్పుకుంటూ కూర్చుంది.

అప్పుడు నేను చెప్పిన మాటలు ఇవి: "ఎందుకైనా మంచిది, ఒకసారి హైదరాబాద్‌లో చూపించుకో చెల్లె. ఏమీ కాకపోవచ్చు కూడా."

ఏమీ కాకపోవచ్చు కూడా! అనుమానించాల్సిన చోట ఢంకా బజాయించి చెప్పిన నోరు, అనుమానమే లేని చోట గొణిగింది. పెద్దామె, అంటే ఆ ఇంటి పెద్దకోడలు, నేల చూస్తూ కూర్చున్న రోజే నా కళ్ల ముందు ఉంది. క్యాన్సర్ అన్న మాట నాలుక చివరి దాకా వచ్చి వెనక్కి పోయింది. యారాలు నేను చెప్పిన రెండు ముక్కల్లో తనకు కావలసిన ముక్క ఏరుకుంది. "గంతేగద మేడం. సున్నమే గావచ్చు. మా అక్కకు గూడ గిట్లనే అన్నరు" అని నవ్వి, చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుని, బస్సు దొరకదని తొందరగా వెళ్లిపోయింది.

వారం చూశాను, ఇంకో వారం చూశాను. హైదరాబాద్ డాక్టరుకు ఫోన్ చేశాను. అలాంటి మనిషెవరూ రాలేదన్నాడు. మొదటిసారి నా పొగరు ఒకామెను కోయించింది. రెండోసారి నా సిగ్గు ఒకామెను చంపబోతోంది. చంపితే ఆ పాపానికి పేరు కూడా ఉండదు, డాక్టరమ్మ చూపించుకోమనే చెప్పింది కదా అంటారు లోకులు. మొదటి తప్పుకు ఊళ్లో నవ్వులపాలైన నేను, ఈసారి తప్పు చేసి కూడా మంచిదాన్నని అనిపించుకునేలా ఉన్నాను. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

ఒక ఆదివారం పొద్దున్నే ఆర్మూర్ బస్సెక్కాను. అక్కడి నుంచి కమ్మర్‌పల్లికి షేర్ ఆటో. నన్ను ఇద్దరు ముసలమ్మల మధ్య ఇరికించాడు డ్రైవరు. దారిలో మాటల మీద మాట వచ్చి, ఒకమ్మ తన మనవరాలికి వాపు వచ్చిందంది. "నిజామాబాద్ తీస్కపోతవా ఏంది అవ్వా? ఆడ సున్నం డాక్టరమ్మ ఉంటది, తాంబూలం ఏస్కున్నా క్యాన్సరంటది" అన్నాడు డ్రైవరు. ఆటో అంతా నవ్వింది. నేను కూడా వాళ్లతోపాటు నవ్వాను. ఇంకేం చేయను!

వాళ్లది మస్కట్ డబ్బుతో సగం కట్టి ఆగిపోయిన ఇల్లు. ముందు వైపు గులాబీ రంగు, వెనక వైపు ఇటుకలే. ఆ ఆగిపోవడంలో నా వంతు ఎంతో నాకు తెలుసు. పసుపు ఉడుకుతున్న ఆవిరి వీధి మొదటి నుంచే ముక్కుకు తగిలింది. పెద్దామె వాకిట్లో ఉడికిన కొమ్ములు ఆరబోస్తోంది. నన్ను చూసి లేవలేదు. రమ్మనలేదు, పొమ్మనలేదు. నేను వెళ్లి ఆ కొమ్ముల పక్కనే నేల మీద కూర్చున్నాను.

"అక్కా, ఆనాడు నిన్ను మాఫీ అడగాల్సింది. అడగకుండ పాఠం జెప్పిన. తప్పు నాది. నా నోటిది" అన్నాను.

ఆమె కొమ్ములు పరుస్తూనే ఉంది. "గీ మాట జెప్పనీకి గింత దూరం వచ్చినవా?"

"కాదు."

యారాలి సంగతి చెప్పాను. ఈసారి దాచలేదు, గొణగలేదు. క్యాన్సర్ అన్న మాట వాడాను. ఇప్పుడు తీయిస్తే బతుకుతుందని, ఆలస్యమైతే నా చేతుల్లో గానీ ఎవరి చేతుల్లో గానీ ఉండదని చెప్పాను. నేను చెబితే ఆ ఇంట్లో ఎవరూ నమ్మరని, నమ్మకపోవడం వాళ్ల తప్పు కాదని కూడా చెప్పాను. "నువ్వు జెప్తే ఇంటరు" అన్నాను. అంటుంటే నాకే సిగ్గేసింది. ఒకామె ఒళ్లు పాడుచేసి, ఆ ఒంటినే సాక్ష్యం అడగడానికి వచ్చాను. అదీ ఎవరి కోసం? ఆమె కంచం బయట పెట్టినామె కోసం.

ఆమె చేతులు ఆగాయి. లోపలినుంచి పొయ్యిలో కట్టెలు ఎగదోస్తున్న చప్పుడు వినిపించింది.

"ఈసారి కడిగినవా?" అంది.

"రెండుసార్లు కడిగిన. నూనెతోటి తుడిచిన."

"నర్సు కడిగిందా, నువ్వు కడిగినవా?"

"నేనే."

ఆమె లేచి చేతులు దులుపుకుని, యారాలిని పిలిచింది. పొయ్యి దగ్గరనుంచి యారాలూ, వెనకే అత్తా వచ్చారు. నన్ను చూడగానే అత్త మొహం మారిపోయింది. "మల్ల వచ్చినవా తల్లీ, ఒక్క కోడల్ని కోయిపిచ్చినవ్ సాలలేదా" అంది. ఆ మాటకు నేను అర్హురాలినే.

"ఆగు అత్తా" అంది పెద్దామె. కొంగు పక్కకు జరిపి, ఆ ఆడవాళ్లందరి ముందు జాకెట్టు హుక్కులు విప్పింది. నేను ఫిల్ముల్లో తప్ప చూడని చోటు. సగం లేదు. మిగిలినది ఒక పక్కకు లాక్కుపోయి ఉంది. నేను తల తిప్పుకోబోయాను. "సూడు మేడం, నువ్వు గూడ సూడు" అంది. చూశాను.

"గిది గీమె తప్పు" అంది యారాలితో. "గీమె తప్పు జేసింది, నేనే జెప్తున్న. గని ఒక్కసారి చెయ్యి గాలినోళ్లు పొయ్యికాడ పైలంగుంటరు. గీ తప్పు గీమె మల్ల జెయ్యది. అందుకే నమ్ముతున్న. నువ్వు నడువు."

యారాలు ఒక్కసారిగా ఏడ్చేసింది. "నీ కంచం నేనే కొట్టం గోడ మీద వెట్టిన అక్కా. గందుకే దేవుడు నాకు గిది వెట్టిండు."

"దేవునికి గింత పని లేదుగని, చీరె మార్చుకో" అంది పెద్దామె, హుక్కులు పెట్టుకుంటూ.

మర్నాడే ఇద్దరూ హైదరాబాద్ బస్సెక్కారు. ఆపరేషన్ అయ్యేదాకా పెద్దామె అక్కడే, ఆస్పత్రి వరండాలో ఉంది. డాక్టరు ఫోన్ చేసి, తీసిన ముక్కను ఎక్స్‌రే తీస్తే చుక్కలన్నీ అందులోనే ఉన్నాయని, నాళం దాటి ఎక్కడికీ పోలేదని చెప్పాడు. "బాగా పట్టుకున్నారండీ" అన్నాడు. పట్టుకున్నది నేను కాదని చెప్పాలనుకున్నాను. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

ఆ తర్వాత ఊళ్లో నా పేరు మారలేదు. సున్నం డాక్టరమ్మనే. కానీ జనం రావడం మొదలుపెట్టారు. వాళ్లను తీసుకొచ్చేది పెద్దామే. పసుపు పనులు తీరాక, ఏడాదికి రెండు మూడుసార్లు, ఒక ఆటోకు సరిపడా ఆడవాళ్లను వెంటేసుకుని వచ్చేది. ఎవరు ఏం పూసుకున్నారో దారిలోనే అడిగి ఉంచేది. "గీమె సున్నం వెట్టింది, గీమె పసరు వూసింది, గా మూలకున్నామె అబద్ధమాడుతది, మంచిగ కడుగు" అని నాకు అప్పజెప్పేది. యారాలు కూడా ఏడాదికోసారి వచ్చి ఫిల్ము తీయించుకుని, బాగుందని చెప్పేదాకా నా వేళ్లు పట్టుకుని కూర్చునేది.

పెద్దామె మాత్రం తలుపు దాటి లోపలికి వచ్చేది కాదు. బెంచీ మీద కూర్చునేది. మొదట్లో నేనేమీ అనలేదు. ఏళ్లు గడిచాయి. ఆమెకు నలభై దాటింది. ఇక తీయించుకోవలసిన వయసు, అందరికన్నా ముందు చూసుకోవలసిన మనిషి. ఒకరోజు అందరివీ అయ్యాక బయటికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను.

"అక్కా, నువ్వు గూడ ఒకసారి రా" అన్నాను. "నా దగ్గర కాకుంటె హైదరాబాద్‌ల తీపిస్త. నేను చూడనే చూడ."

"నీ మీద కోపం లేదు మేడం" అంది. నిజంగానే ఆమె గొంతులో కోపం లేదు. "నువ్వు జెప్పేది నిజమే అయితది, నాకెర్కే. గందుకే గీళ్లందరిని తీస్కస్తున్న. గని నేనాడ, ఇంట్ల గా గోడ మూలకు, నెల రోజులు సచ్చి వడున్న. నా బిడ్డ తలుపు కొడుతుంటె ఇనుకుంట వడున్న. మల్ల గట్ల పండుమంటె నాతోని గాదు. జబ్బు వస్తె రానియ్యి."

"రాకపోవచ్చు" అనబోయి ఆగిపోయాను. ఆ మాట ఆమెకు నేను చెప్పగూడదు. రావచ్చు అని కూడా చెప్పలేకపోయాను. రెండూ నేను ఒకసారి తప్పుగా వాడేసిన మాటలే.

ఆమె లేచి, లోపల చీరలు సర్దుకుంటున్న వాళ్లను పేరుపేరునా పిలిచి లెక్క చూసుకుంది. ఆర్మూర్ బస్సు వెళ్లిపోతుందని అందరినీ తొందరపెడుతూ ముందు నడిచింది.